మూలనున్న పాత బండిని నడిపించాలంటే

మన ఊళ్లలో ఏ వీధికి వెళ్లినా ఒక్క ఇంట్లోనైనా పాత మోటారు సైకిలు కనబడుతుంది. మెట్ల కిందనో, ధాన్యపు గదిలోనో, పశువుల పాకలోనో గోనెపట్టా కప్పుకుని నిలబడి ఉంటుంది. దాని హ్యాండిలుకు ఇంటివారు ఉల్లిపాయల బుట్ట తగిలిస్తారు. సీటు మీద కోడి పొదుగుతుంది. బండి కొన్న పెద్దాయన వృద్ధుడై ఉంటారు, లేదా గతించి ఉంటారు. ఇంట్లో ఒకరు "అమ్మేద్దాం" అంటారు, మరొకరు "ఉండనివ్వండి" అంటారు. పాత ఇనుప సామాన్లవాడు ఏడాదికోసారి వచ్చి కిలోల లెక్కన బేరమాడి వెళ్తుంటాడు.

అటువంటి బండిని మళ్లీ నడిపించవచ్చునా? పానా పట్టుకోవడం కూడా రానివారు ఆ పని చేయగలరా? చేయగలరు. అయితే బలం కంటే ఓర్పు, డబ్బు కంటే శుభ్రత, తొందర కంటే వరుస ముఖ్యం. ఈ మూడూ ఉంటే, ఇంట్లో ఒక పెద్దాయన, ఒక యౌవనస్థుడు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలావరకు పని జరుగుతుంది. మిగిలిన కొద్దిపాటికి మంచి మెకానిక్కు కావాలి. ఏ పని మనం చేయవచ్చు, ఏది అతనికి వదిలిపెట్టాలి అన్నది తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంటి బండి

నేను బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని. యంత్రాలతో నాకున్న పరిచయం కుట్టు మిషను వరకే. మా నాన్నగారు విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. 1981లో ఆయన కొన్న 350 సి.సి. బుల్లెట్టు మా ఇంటి మనిషి వంటిది. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను ఊడ్చేసినప్పుడు, కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు కలిసి రోడ్లకు అడ్డంగా పడిపోయిన ఆ రోజుల్లో, నాన్నగారు ఆ బండి మీదనే ఊరూరా తిరిగారు. బండి వెళ్లినంతవరకు వెళ్లి, అక్కడ వదిలి నడిచేవారు. రాత్రి ఎప్పుడో దూరాన దాని చప్పుడు వినబడితే అమ్మ లేచి అన్నం వేడి చేసేది.

2005లో ఉద్యోగ విరమణ చేసిన కొద్ది నెలలకే నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట కూడా దెబ్బతిన్నది. బుద్ధి చక్కగానే ఉంది, అన్నీ అర్థమవుతాయి, కానీ కావలసిన మాట నోటికి రాదు. మాటలు పలికించే అభ్యాసాలు వైద్యులు కొన్నాళ్లు చేయించారు. రెండు మూడు మాటలకే ఆగిపోవడం ఆయనకు చిన్నతనంగా తోచింది కాబోలు, మానేశారు. అప్పటినుంచి ఆయన కుర్చీలో, బండి పాకలో ఉండిపోయారు.

2024 వేసవిలో ఇల్లు బాగుచేయించవలసి వచ్చి పాక తీసేయాలనుకున్నాం. బండి సంగతి తేల్చక తప్పలేదు. పట్టణం నుంచి వచ్చిన ఒక మెకానిక్కు చూసి, ఇంజను పూర్తిగా విప్పవలసిందేనని, బండి ఖరీదుకు మించిన ఖర్చు చెప్పాడు. అమ్మేద్దామని తమ్ముడు అన్నాడు. అంతవరకు మౌనంగా కూర్చున్న నాన్నగారు ఎడమ చెయ్యి ఎత్తి అడ్డంగా ఊపారు. చాలాసేపు ప్రయత్నించి "నూనె... ముందు... నూనె" అన్నారు. అప్పుడే ఇంటర్మీడియట్ పరీక్షలు రాసి వచ్చిన మా అబ్బాయి ఆ మాట పట్టుకుని, "తాతయ్యా, నూనె ఎక్కడ పోయాలి?" అని ఆయన కుర్చీ పక్కన కూర్చున్నాడు. పని అలా మొదలైంది.

ముందుగా చేయకూడనిది

చాలా ఏళ్లు నిలిచిపోయిన బండి దగ్గరకు వెళ్లగానే అందరూ చేసే మొదటి పని కిక్ కొట్టడం. అదే చేయకూడదు. ఇంజను లోపల పిస్టన్ చుట్టూ రింగులుంటాయి. అవి సిలిండరు గోడను ఒరుసుకుంటూ తిరుగుతాయి. ఏళ్ల తరబడి కదలక నూనె పొర జారిపోతే, ఆ గోడకు తుప్పు పడుతుంది, రింగులు అతుక్కుంటాయి. సముద్రపు గాలి తగిలే మా ప్రాంతంలో ఇది మరీ ఎక్కువ. ఆ స్థితిలో బలంగా కిక్ కొడితే రింగు విరగవచ్చు, సిలిండరు గీసుకుపోవచ్చు. వందల్లో పోయేది వేలల్లోకి వెళ్తుంది.

కాబట్టి మొదటి రోజు బండిని చూడడానికే కేటాయించండి. గోనె తీసి, నాలుగువైపులా ఫోటోలు తీయండి. ఏ తీగ ఎక్కడికి పోతున్నదో, ఏ గొట్టం దేనికి తగిలించి ఉన్నదో దగ్గరగా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఎలుకలు తీగల పైపొరను కొరికి ఉంటాయి. సైలెన్సరులోను, గాలి వడపోసే డబ్బాలోను కందిరీగలు మట్టిగూళ్లు కట్టి ఉంటాయి. అవి తీయకుండా ఎంత కష్టపడినా బండి స్టార్టు కాదు. విప్పిన ప్రతి బోల్టును చిన్న సంచిలో వేసి, పేరు రాసి కట్టండి. మా అబ్బాయి ఒక నోటు పుస్తకం పెట్టి, ఏ రోజు ఏమి విప్పాడో, తాతయ్య ఏమన్నారో రాసుకున్నాడు. చివరికి ఆ పుస్తకమే మాకు దారి చూపింది.

పానాల విషయం కూడా చెప్పాలి. ఆ కాలపు బుల్లెట్టు ఇంగ్లండు నమూనా మీద తయారైనది. దాని నట్లు చాలావరకు పాత ఇంగ్లీషు ఇంచీ కొలతలవి. నేటి మిల్లీమీటరు పానాలు వాటికి వదులుగా కూర్చుని మూలలు అరగదీస్తాయి. నాన్నగారి తోలు సంచిలో అసలు పానాలు భద్రంగా ఉండడం మాకు మేలైంది. మీ ఇంట్లో కూడా పాత పానాల సంచి ఎక్కడో ఉంటుంది, వెదకండి.

నూనెతో మొదలు

నాన్నగారు చెప్పిన నూనె ఇదే. స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో రెండు మూడు చెంచాల పలుచని నూనె పోయాలి. తుప్పు వదిలించే నూనె అంగళ్లలో దొరుకుతుంది. లేకపోతే ఇంజన్ ఆయిలులో కొద్దిగా డీజిలు కలిపి పోయవచ్చు. పోసి, గుడ్డతో రంధ్రం మూసి, అలాగే వదిలేయాలి. మరునాడు ఇంకొంచెం. కొన్ని రోజుల తర్వాత బండిని మధ్య స్టాండు మీద నిలిపి, టాప్ గేరులో వేసి, వెనుక చక్రాన్ని చేత్తో ముందుకు వెనుకకు మెల్లగా ఊపాలి. కిక్ రాడ్డు మీద ఎక్కి తొక్కడం, పిస్టనును సుత్తితో కొట్టడం పనికిరావు.

మా బండి ఎనిమిది రోజులు కదలలేదు. తమ్ముడు ఫోను చేసి వెక్కిరించేవాడు. ప్రతి ఉదయం నాన్నగారు రెండు వేళ్లు చూపించేవారు, అంటే రెండు చెంచాలు. తొమ్మిదో రోజు చక్రం వెంట్రుకవాసి కదిలింది. ఇంకో గంటలో పూర్తిగా తిరిగింది. మూడు నాలుగు వారాలు ఇలా చేసినా కదలకపోతే అప్పుడు ఇంజను విప్పవలసిందే. అది మెకానిక్కు చేయవలసిన పని.

ఇంజను కదిలాక పాత ఆయిలు తీసివేయాలి. బుల్లెట్టులో ఆయిలు నిలవ ఉండే అర ఇంజను వెనుక భాగంలోనే ఉంటుంది. ఏళ్ల తరబడి నిలిచిపోతే ఆయిలు పంపు గుండా నెమ్మదిగా జారి, క్రాంకు తిరిగే గదిలోకి చేరుతుంది. అందుకని కింద ఉన్న బోల్టులన్నీ విప్పి రెండు గదులూ ఖాళీ చేయాలి. లోపల ఉండే గుడ్డ ఫిల్టరు మార్చాలి. తర్వాత సుమారు రెండుంపావు లీటర్ల కొత్త ఇంజన్ ఆయిలు పోయాలి. ప్లగ్గు బిగించకుండానే కిక్ రాడ్డును చేత్తో యాభై అరవైసార్లు మెల్లగా తిప్పితే పంపు పనిచేసి, ఆయిలు పైనున్న రాకర్ల దాకా ఎక్కుతుంది. పై మూత తీసి, అక్కడ ఆయిలు చెమ్మ కనబడిందా లేదా చూసుకోవాలి. ఆయిలు పైకి ఎక్కనిదే ఇంజను స్టార్టు చేయకూడదు. తీసిన పాత ఆయిలును కాలువలో పోయకండి. చిన్న డబ్బాడు ఆయిలు చాలా నీటిని పాడుచేస్తుంది. సీసాలో పోసి, పాత ఆయిలు తీసుకునే వర్కుషాపుకు ఇవ్వండి.

పెట్రోలు ట్యాంకు, కార్బురేటరు

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చేయవలసిన పని. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. పొయ్యి, అగరుబత్తి, బీడీ, కరెంటు స్విచ్చు దరిదాపుల్లో లేకుండా ఆరుబయట చేయండి. చిన్నపిల్లలను దూరంగా పంపండి. తుప్పు పట్టిన ట్యాంకును వెల్డింగుకు ఇచ్చే ముందు, లోపల పెట్రోలు ఆవిరి లేకుండా కడిగించామని పనివానికి చెప్పి మరీ ఇవ్వండి. ఇది మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం.

నిలవ పెట్రోలు కాలక్రమాన బంకగా మారి, వార్నిషు వాసన వేస్తుంది. దాన్ని వంపి, ట్యాంకులో తెల్ల వెనిగరు నింపి ఒకటి రెండు రోజులు ఉంచితే తుప్పు మెత్తబడుతుంది. పాత సైకిలు చైను ముక్క లోపల వేసి ఊపితే పెచ్చులు రాలుతాయి. తర్వాత నీళ్లతో, వంటసోడా కలిపిన నీళ్లతో బాగా కడగాలి. కడిగిన వెంటనే ఎండలో పూర్తిగా ఆరబెట్టి, కొంచెం పెట్రోలులో ఆయిలు కలిపి లోపలంతా తిప్పాలి. లేకపోతే శుభ్రమైన ఇనుముకు గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది. పాత రబ్బరు గొట్టం తీసివేసి కొత్తది వేయండి. మధ్యలో చిన్న ఫిల్టరు పెట్టండి.

నేటి పెట్రోలు 1981 నాటి పెట్రోలు కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 సంవత్సరంలో ఆగిపోయింది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. 2025 నాటికి ఆ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత రకం రబ్బరును, బెండు వాషర్లను మెత్తబరుస్తుంది. కనుక పాత బండిలో నెలల తరబడి పెట్రోలు నిలవ ఉంచకండి. గొట్టాలు, వాషర్లు ఇథనాలును తట్టుకునేవి అడిగి కొనండి.

కార్బురేటరు అంటే గాలినీ పెట్రోలునూ తగుపాళ్లలో కలిపే చిన్న పరికరం. దానిలో ఇత్తడి జెట్లుంటాయి. వాటి రంధ్రాలు ఎంతో సన్నం. అవి బంకతో మూసుకుపోయి ఉంటాయి. పెట్రోలులో నానబెట్టి, గాలి ఊది శుభ్రం చేయాలి. ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదైపోతుంది, అప్పుడు బండి పెట్రోలు తాగేస్తుంది. లోపల తేలే ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి. పెట్రోలు చప్పుడు వినబడితే దానికి చిల్లి పడినట్లే, మార్చాలి. ఈ పని నేను వంటింటి అరుగు మీద తెల్లగుడ్డ పరచుకుని చేశాను. బియ్యంలో రాళ్లు ఏరిన కళ్లకు అది కష్టమనిపించలేదు.

నిప్పురవ్వ

పాత బుల్లెట్లకు 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. ఈనాటి బళ్లకు వాడే 12 వోల్టుల బ్యాటరీ దానికి పెట్టకూడదు. తీగలు కలిపే ముందు, ఏ కొస దేనికి ఉన్నదో చూసుకోండి. కొన్ని పాత బళ్లలో ధన కొసను ఫ్రేముకు కలిపేవారు. తిప్పి కలిపితే పరికరాలు పాడవుతాయి.

పాయింట్లు అనే రెండు చిన్న లోహపు ముక్కలు కలుస్తూ విడిపోతూ ఉంటే ప్లగ్గుకు నిప్పు వస్తుంది. నిలిచిపోయిన బళ్లలో వాటి మీద పొర కడుతుంది. బాగా సన్నని గరుకు కాగితంతో రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. అవి విడిపోయినప్పుడు మధ్య ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటరు ఉండాలి. ప్లగ్గు ఖాళీ సుమారు అర మిల్లీమీటరు. కొలిచే రేకులు తక్కువ ధరకే దొరుకుతాయి. కండెన్సరు పాతదైతే మార్చడమే మంచిది. తర్వాత ప్లగ్గును తీగకు తగిలించి, ఇంజను లోహానికి ఆనించి, కిక్ తిప్పితే నీలిరంగు నిప్పు కనబడాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు పెట్రోలు దగ్గరలో ఉండకూడదు.

మేము పరీక్షించినప్పుడు నిప్పు రాలేదు. మా అబ్బాయి రెండు రోజులు తీగలన్నీ వెదికాడు. నాన్నగారు దగ్గరకు రమ్మని సైగ చేసి, హ్యాండిలు మెడ దగ్గర వేలు పెట్టి చూపారు. హ్యాండిలు తిప్పినప్పుడల్లా అక్కడ తీగ నలిగి, లోపల తెగి ఉంది. పైకి ఏమీ కనబడలేదు. జీవితమంతా తెగిన తీగలు వెదికిన మనిషికి అది ఎక్కడ తెగుతుందో తెలుసు. ఆ రోజు ఆయన "అక్కడ... నేను... ముందే... చూసుకున్నా" అని నాలుగు మాటలు వరుసగా అన్నారు. అమ్మ వంటింట్లోంచి బయటకు వచ్చి నిలబడిపోయింది.

పరుగు కంటే ముందు ఆగడం

ఇంజను చప్పుడు వినాలన్న ఆశతో అందరూ మరచిపోయే విషయం ఇది. బండి నడవకపోతే ప్రమాదం లేదు, ఆగకపోతే ఉంది. స్టార్టు చేయక ముందే బ్రేకులు, టైర్లు, కేబుళ్లు సరిచూడండి.

టైరు మీద గళ్లు లోతుగా కనబడినా, ఇరవై ఏళ్ల రబ్బరు ఎండి పగులుతుంది. వేగంలో ఒక్కసారిగా చీలిపోవచ్చు. ట్యూబులతో సహా రెండు టైర్లూ మార్చక తప్పదు. బుల్లెట్టుకు 19 అంగుళాల టైర్లు ఇప్పటికీ దొరుకుతాయి. బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో ఊదకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు కీడు. మూతికి గుడ్డ కట్టుకుని, తడిగుడ్డతో తుడవండి. లైనర్లు నూనె పీల్చి ఉంటే కొత్తవి వేయించండి. క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు కేబుళ్లు లోపల తుప్పు పట్టి ఉంటాయి. యాక్సిలరేటరు వదిలిన వెంటనే దానంతట అదే వెనక్కి రావాలి. రాకపోతే ఆ కేబులుతో బండి నడపవద్దు. క్లచ్చి ప్లేట్లు అతుక్కుని ఉంటే, క్లచ్చి పట్టుకుని కిక్ రాడ్డును మెల్లగా తిప్పితే చాలాసార్లు విడిపోతాయి. చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టడం, చక్రం వంకర తీయడం, బ్రేకుల చివరి తనిఖీ మెకానిక్కు చేతనే చేయించండి. మేమూ అంతే చేశాం.

యౌవనస్థులకు ఒక హెచ్చరిక. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలికి, వెనుక బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. మొదటి గేరు పైకి, మిగిలినవి కిందికి. నేటి బళ్లకు ఇది పూర్తిగా తిరగబడినది. కంగారులో కాలు అలవాటైన చోటికే పోతుంది. బ్రేకు అనుకుని గేరు తొక్కుతారు. ఖాళీ మైదానంలో కొన్ని రోజులు అలవాటు చేసుకోనిదే రోడ్డెక్కవద్దు.

కిక్ కొట్టే రోజు

బండిని ఆరుబయట నిలపండి. మూసిన గదిలో ఇంజను నడిపితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి వాసన లేదు, మనిషిని తెలియకుండానే చంపుతుంది. పక్కన ఇసుక బకెట్టు పెట్టుకోండి. కాళ్లకు బూట్లు వేసుకోండి. సరిగా కొట్టని కిక్ వెనక్కి తన్నితే చీలమండ దెబ్బతింటుంది.

బుల్లెట్టుకు బలం అక్కరలేదు, వరుస కావాలి. తాళం తిప్పి, కిక్ రాడ్డును మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా ఎదురొస్తుంది. అక్కడ డీకంప్రెషన్ లివరు పట్టుకుని, ఆంపియరు మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కొద్దిగా తొయ్యాలి. లివరు వదిలి, కిక్ రాడ్డును పూర్తిగా పైకి రానివ్వాలి. అప్పుడు ఒకే ఊపులో చివరిదాకా తొక్కాలి.

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం మా అబ్బాయి పదిహేనుసార్లు తొక్కాడు. చొక్కా తడిసిపోయింది. బండి ఒకసారి దగ్గి ఊరుకుంది. నాన్నగారు కుర్చీలోంచి ముందుకు వంగి, ఎడమ చేతిని గాలిలో మెల్లగా కిందికి నొక్కి చూపించారు. పదహారోసారి వాడు తొందరపడకుండా అలాగే తొక్కాడు. సైలెన్సరులోంచి నీలం పొగ, ఎండిన మట్టి ముద్ద, ఆ వెనుక చప్పుడు వచ్చాయి. పొరుగువారు గోడ మీదుగా చూశారు. సిలిండరులో పోసిన నూనె కాలేదాకా కొద్ది నిమిషాలు పొగ వస్తుంది, భయపడనక్కరలేదు. మొదటిసారి రెండు నిమిషాలకు మించి నడపకుండా ఆపి, ఆయిలు ఎక్కడైనా కారుతున్నదేమో చూడాలి.

అందరూ సంతోషపడుతుండగా నాన్నగారు మాత్రం తల పక్కకు వంచి వింటున్నారు. "టాపెట్" అన్నారు స్పష్టంగా. నిజమే, పైన టకటక వినబడుతున్నది. మరునాడు చల్లారిన ఇంజనులో, రెండు వాల్వులూ మూసి ఉన్నచోట పిస్టనును నిలిపి, పుష్‌రాడ్లను చూశాం. అవి వేళ్లతో సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఊగకూడదు. ఒకటి ఊగుతున్నది. సరిచేశాక ఆ చప్పుడు పోయింది.

కాగితాలు, ఖర్చు

మాకు రెండు టైర్లు, ట్యూబులు, బ్యాటరీ, కేబుళ్లు, లైనర్లు, ఆయిలు, చిల్లర సామాను, మెకానిక్కు కూలి కలిపి పదహారు వేల రూపాయలు దాటలేదు. రంగులు వేయించలేదు. బుల్లెట్టు మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో దశాబ్దాలపాటు పెద్దగా మార్పు లేకుండా తయారవడం వలన సామాను సులువుగా దొరికింది. మీ ఇంట్లో ఉన్నది జావా లేక యెజ్డీ అయితే, వాటిని తయారుచేసిన మైసూరు కర్మాగారం 1996లో మూతపడింది కనుక సామాను వెదకవలసి ఉంటుంది. అవి, రాజ్‌దూత్ వంటివి టూ స్ట్రోకు బళ్లు. వాటికి పెట్రోలులోనే ఆయిలు కలపాలి. ఒట్టి పెట్రోలు పోస్తే ఇంజను పట్టేస్తుంది.

బండి నడిచినంత మాత్రాన రోడ్డెక్కే హక్కు రాదు. సొంత వాహనం రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లు, తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మా బండికి 2006లోనే గడువు తీరింది. రవాణా కార్యాలయంలో తనిఖీ, ఆలస్యపు రుసుము, హరిత పన్ను, బీమా అన్నీ పూర్తయ్యేదాకా మేము పెరటిలోనే నడిపాం. యజమాని గతించి ఉంటే, ఆ సంగతి 30 రోజుల్లో తెలిపి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరిట మార్పించుకోవాలని నిబంధన. చాలా కుటుంబాలు దీన్ని ఏళ్ల తరబడి వాయిదా వేసి, తర్వాత ఇబ్బంది పడతాయి. పని మొదలుపెట్టక ముందే కాగితాలు వెదకండి. కాగితాలు లేని బండిని కొనవద్దు.

50 ఏళ్లు దాటిన బళ్లకు 2021లో కేంద్రం వేరే నిబంధనలు తెచ్చింది. వాటిని వింటేజి వాహనాలుగా నమోదు చేయించి, నంబరులో "వి.ఎ." అక్షరాలు తీసుకోవచ్చు. అయితే అలా నమోదైనదాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. మా బండికి ఆ వయసు 2031లో వస్తుంది.

మా అబ్బాయికి అప్పటికి 18 నిండలేదు. కనుక, ఎంత కష్టపడినా, రోడ్డు మీద మొదట నడిపింది వాడు కాదు. లైసెన్సు ఉన్న మా తమ్ముడు, వెక్కిరించిన ఆ తమ్ముడే, హెల్మెట్టు పెట్టుకుని నడిపాడు. వాడు లైసెన్సు వచ్చేదాకా ఆగాడు. ఆ ఆగడం కూడా పనిలో భాగమేనని నేను అనుకుంటాను.

మళ్లీ మూలపడకుండా

నడిపించిన బండిని పదిహేను రోజులకోసారైనా ఇంజను బాగా వేడెక్కేదాకా నడపండి. రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపితే లోపల చెమ్మ చేరి కీడే చేస్తుంది. ఎక్కువ రోజులు వదిలేటప్పుడు పెట్రోలు మూసి, కార్బురేటరులో ఉన్నది ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపండి. బ్యాటరీ తీగలు విప్పండి. సైలెన్సరు నోటికి గుడ్డ కట్టి, కట్టినట్లు తాళానికి చీటీ తగిలించండి.

చదువరులారా, నాన్నగారి పక్షవాతం దీనివలన నయమైందని నేను చెప్పను. ఆయన కుడి చెయ్యి అలాగే ఉంది. బండి ఆయన నడపలేరు. కానీ, ఆ ఆరు వారాల్లో ఆయన మాట్లాడిన మాటలు, అంతకుముందు ఆరేళ్లలో మాట్లాడినవాటికంటే ఎక్కువ. మేము అప్పటిదాకా ఆయనను "ఏం కావాలి?" అని మాత్రమే అడిగేవాళ్లం. మనవడు "ఎలా చేయాలి?" అని అడిగాడు. రెంటికీ ఎంతో తేడా ఉంది. ఇప్పుడు మాటల అభ్యాసాలకు ఆయన మళ్లీ కూర్చుంటున్నారు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే, దాన్ని బాగుచేయాలో అమ్మాలో మీ కుటుంబం కలిసి ఆలోచించుకోండి. అమ్మడం తప్పేమీ కాదు. అయితే, అమ్మే ముందు, దాన్ని నడిపిన పెద్దలు ఇంకా మన మధ్య ఉంటే, వారి పక్కన పుస్తకం పెట్టుకుని కూర్చోండి. ఇనుము ఇంకొన్నాళ్లు ఆగుతుంది. దానిని గురించి తెలిసినవారు ఆగరు.